ఎవరూ చదవని మొదటి కాలమ్: తెలుగు పార్లమెంటు సభ్యులకు బహిరంగ లేఖ

హైదరాబాద్,
నవంబరు 2025.

గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులకు,

నమస్కారం.

తెలంగాణ నుంచి లోక్‌సభకు 17 మంది, ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది, రెండు రాష్ట్రాల నుంచి రాజ్యసభకు 18 మంది, అంతా కలిసి మీరు 60 మంది. మీ పార్టీలు వేరు, మీలో కొందరు అధికార కూటమిలో ఉన్నారు, మరికొందరు ప్రతిపక్షంలో ఉన్నారు. అయినా అందరికీ కలిపి ఒకే లేఖ రాస్తున్నాను, ఎందుకంటే నేను అడగబోయే పని ఏ పార్టీ వారైనా చెయ్యగలిగిందే, ఇన్నేళ్లుగా అన్ని పార్టీల వారూ దాదాపుగా చెయ్యకుండా వదిలేసిందే.

నేను ముప్పై ఏళ్లకు పైగా రాష్ట్ర ఖజానా కార్యాలయాల్లో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఆర్థికవేత్తను కాను. బిల్లులు పరిశీలించడం, పద్దు చూసి పాస్ చెయ్యడం, కుదరకపోతే అభ్యంతరం రాసి తిప్పి పంపడం నా వృత్తి. వచ్చే ఫిబ్రవరి 1న కేంద్ర ప్రభుత్వం 2026-27 బడ్జెట్‌ను పార్లమెంటు ముందు పెడుతుంది. ఆ పత్రాల్లో ఏ పద్దు తీసినా అంకెలు నాలుగు నిలువు వరుసల్లో ఉంటాయన్న సంగతి మీకు తెలియనిది కాదు. మొదటిది రెండేళ్ల కిందటి సంవత్సరంలో వాస్తవంగా అయిన ఖర్చు. రెండోది నడుస్తున్న సంవత్సరానికి నిరుడు వేసిన అంచనా. మూడోది అదే అంచనాను సవరించిన రూపం. నాలుగోది రాబోయే సంవత్సరానికి కొత్త అంచనా. ప్రసంగంలో వినిపించేది నాలుగో కాలమ్. పత్రికల మొదటి పేజీల్లో కనిపించేదీ, మా ఊళ్లో టీవీ చర్చల్లో రాత్రి దాకా నలిగేదీ ఆ నాలుగో కాలమే. మొదటి కాలమ్‌ను మీరు చదవాలని, చదివి సభలోనూ స్థాయీ సంఘాల్లోనూ (స్టాండింగ్ కమిటీల్లోనూ) దాని గురించి అడగాలని కోరడానికే ఈ లేఖ.

ఈ ఏడాది ఫిబ్రవరి 1 ఎలా గడిచిందో గుర్తు చేసుకోండి. కొత్త పన్ను విధానంలో 12 లక్షల రూపాయల వరకు ఆదాయపు పన్ను ఉండదన్న ఒక్క మాట మీద సాయంత్రం దాకా చర్చ సాగింది. ఆ తర్వాత వంతు ‘మనకేమిచ్చారు’ అన్న ప్రశ్నది. ఆంధ్రకు ఎంత, తెలంగాణకు ఎంత, పక్క రాష్ట్రానికి ఎంత అన్నదే ఆ గంట చర్చ. ఆ ప్రశ్న తప్పని నేను అనను. రాష్ట్రం కోసం అడగకపోతే మిమ్మల్ని ఎన్నుకుని ప్రయోజనం లేదు. కాని ఇస్తామన్నదానికీ ఇచ్చినదానికీ మధ్య ఎంత దూరం ఉందో చూడకుండా ఇస్తామన్నదాన్నే లెక్క వేసుకుంటే, అది కాగితం మీద లెక్కగానే మిగిలిపోతుంది.

ఒక పద్దునే తీసుకుందాం. ఇంటింటికీ కుళాయి నీరు ఇవ్వడానికి 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌కు 2024-25 బడ్జెట్‌లో 70,163 కోట్ల రూపాయలు కేటాయించారు. అదే సంవత్సరం సవరించిన అంచనాలకు వచ్చేసరికి అది 22,694 కోట్లయింది, అంటే మూడో వంతుకు కూడా తక్కువ. దాని పక్క కాలమ్‌లో, 2025-26కు, మళ్లీ 67,000 కోట్లు రాశారు. 2024 నాటికి పూర్తి కావలసిన పథకాన్ని 2028 వరకు పొడిగిస్తున్నట్టు ప్రసంగంలో చెప్పారు. దాదాపు 47,000 కోట్లు ఎందుకు తగ్గాయి, పనులు ఎక్కడ ఆగాయి, ఏ రాష్ట్రంలో ఎన్ని ఊళ్లలో పైపులు వేసి ట్యాంకు కట్టకుండా వదిలేశారు అన్న ప్రశ్నలకు సరైన కారణాలే ఉండవచ్చు. కారణాలు లేకుండా ఇంత పెద్ద అంకె పడిపోదు. అయితే వాటిని ప్రజలకు చెప్పవలసిన చోటు పార్లమెంటు, చెప్పించవలసినవారు మీరు. వచ్చే ఫిబ్రవరి పత్రాల్లో 2024-25 సంవత్సరం మొదటి కాలమ్‌లోకి వస్తుంది. ఆ రోజు అందరి కళ్లూ 2026-27 మీద ఉంటాయి. మీరు ఏ రాష్ట్రం సభ్యులైనా సరే, దయచేసి ముందు ఆ మొదటి అంకె చూడండి.

మొదటి కాలమ్ మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలంటే ఒక మార్చి 31 రాత్రి గురించి చెప్పాలి. ఆ రోజు ఖజానా కార్యాలయంలో బిల్లుల కట్టలు బల్లల మీద పట్టక నేల మీదికి వస్తాయి. టోకెన్ రిజిస్టరులో అంకెలు వేసీ వేసీ చేతివేళ్లు బిగుసుకుపోతాయి. అర్ధరాత్రి దాటితే ఖర్చు కాని సొమ్ము మురిగిపోతుంది కాబట్టి ప్రతి శాఖ గుమాస్తా తన కట్టను ముందు చూడమని బతిమాలుతూ వరండాలో నిలబడి ఉంటాడు. అలాంటి ఒక రాత్రి, నేను ఒక జిల్లాలో పనిచేస్తున్నప్పుడు, బడిపిల్లల భోజనానికి పళ్లాలు, వంటపాత్రలు కొన్నట్టు ఒక బిల్లు నా బల్ల మీదికి వచ్చింది. ఆ సొమ్ము విడుదల ఉత్తర్వు కింది కార్యాలయానికి చేరింది మార్చి 29 సాయంత్రం. బిల్లుకు జత చేసిన మంజూరు ఉత్తర్వు తేదీ, దుకాణదారు ఇచ్చిన ఇన్‌వాయిస్ తేదీ, సరుకు అందిందని స్టాక్ రిజిస్టరు నంబరు వేసి ఇచ్చిన సర్టిఫికెట్ తేదీ మూడూ ఒకటే. సరుకు బడికి చేరలేదని ఆ కాగితాలే చెబుతున్నాయి. నేను అభ్యంతరం రాసి తిప్పి పంపాను. సొమ్ము మురిగిపోయింది.

కొన్ని నెలల తర్వాత ఒక ప్రధానోపాధ్యాయుడు తన జీతం బకాయి పని మీద వచ్చి, పని అయిపోయాక, వెళ్లబోతూ ఆగి, ‘మా పిల్లల పళ్లాలు ఆపింది మీరేనటండీ’ అన్నారు. ఆయన కోపంగా అనలేదు. ఆ పిల్లలు ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్న టిఫిన్ మూతల్లో అన్నం తింటున్నారని చెప్పి వెళ్లిపోయారు. నేను రాసిన అభ్యంతరం నియమాల ప్రకారం సరైనదే, ఈరోజు మళ్లీ ఆ బిల్లు వచ్చినా అదే రాస్తాను. కాని ఆయన మాట కూడా నిజమే. తప్పు నా బల్ల మీద జరగలేదు, మార్చి 29నా జరగలేదు. ఏప్రిల్‌లో రావలసిన సొమ్ము పదకొండు నెలలు ఎక్కడెక్కడో ఆగుతూ వస్తుంటే అడిగినవారు లేకపోవడం వల్ల జరిగింది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి కూడా సంవత్సరాంతంలో ఖర్చును ఎగదోయడం ఆర్థిక మర్యాదకు భంగమనే చెబుతోంది. మంత్రిత్వ శాఖలు చివరి మూడు నెలల్లో మూడో వంతుకు, ఒక్క మార్చిలో 15 శాతానికి మించి ఖర్చు చెయ్యరాదన్న పరిమితి కూడా ఉంది. ఆ పళ్లాల డబ్బు ఆ ఏడాది బడ్జెట్‌లో ఉంది, ప్రకటనల్లో ఉంది. జరిగిన ఖర్చు లెక్కలో లేదు. అప్పటి నుంచి ఏ బడ్జెట్ పత్రం చేతికి వచ్చినా నా చూపు ముందు ఎడమ వైపుకే పోతుంది.

ఇక్కడ మరో మాట చెప్పడం నా బాధ్యత. మొదటి కాలమ్‌ను వాస్తవం అంటున్నాం గాని, కేంద్రం సొమ్ము ఇచ్చి రాష్ట్రాల చేత అమలు చేయించే కేంద్ర ప్రాయోజిత పథకాల విషయంలో అది కూడా పూర్తి వాస్తవం కాకపోవచ్చు. కేంద్రం రాష్ట్రానికి విడుదల చేసిన మరుక్షణం ఆ సొమ్ము కేంద్రం లెక్కల్లో ఖర్చు కింద పడుతుంది. అది రాష్ట్రంలో ఆ పథకాన్ని చూసే సంస్థ (నోడల్ ఏజెన్సీ) బ్యాంకు ఖాతాలో నెలల తరబడి కదలకుండా ఉన్నా ఢిల్లీ లెక్కకు ఖర్చయినట్టే. దీన్ని సరిచెయ్యడానికి ఒక్కో పథకానికి రాష్ట్రంలో ఒకే ఖాతా ఉండాలని 2021లో నియమం పెట్టారు, ఆ తర్వాత అవసరమైనప్పుడే సొమ్ము వదిలే పద్ధతిని తెస్తున్నారు. ఇవి మంచి మార్పులు, ఖజానాలో పనిచేసినవాడిగా నేను మనస్ఫూర్తిగా హర్షిస్తున్నాను. అందువల్ల మీరు అడిగేటప్పుడు ‘ఎంత విడుదల చేశారు’ అని మాత్రమే అడగకుండా, మార్చి 31 నాటికి మా రాష్ట్రం ఖాతాలో ఎంత మిగిలి ఉంది, ఎందుకు మిగిలి ఉంది అని కూడా అడగండి. దీనికి జవాబు కొన్నిసార్లు ఢిల్లీకి ఇబ్బంది అవుతుంది, కొన్నిసార్లు మన రాష్ట్ర ప్రభుత్వాలకే ఇబ్బంది అవుతుంది. అయినా అడగవలసిందే.

నాలుగు కాలమ్‌లూ ఒకే మాట చెప్పే పద్దులు కూడా కొన్ని ఉన్నాయి. నన్ను అన్నింటికన్నా ఎక్కువగా బాధపెట్టేవి అవే.

జాతీయ సామాజిక సహాయ పథకం కింద పేద వృద్ధులకు, వితంతువులకు, వికలాంగులకు కేంద్రం తన వాటా పింఛను ఇస్తుంది. 1995లో 75 రూపాయలతో మొదలైన వృద్ధాప్య పింఛను 2006-07లో 200 రూపాయలైంది. 2011లో అర్హత వయస్సును 65 నుంచి 60కి తగ్గించి, 80 దాటినవారికి 500 చేశారు. 60 నుంచి 79 ఏళ్ల మధ్య వారికి మాత్రం ఆ 200 రూపాయలు ఇప్పటికీ 200 రూపాయలే. దాదాపు ఇరవై ఏళ్లు గడిచాయి. ఈ పథకం మొత్తానికి 2024-25 బడ్జెట్‌లో 9,652 కోట్లు రాశారు, 2025-26 బడ్జెట్‌లోనూ అదే 9,652 కోట్లు రాశారు, అంతకు ముందు ఏళ్లు తిరగేసినా అటూ ఇటూగా అంతే. లబ్ధిదారుల సంఖ్యకు దేశం మొత్తం మీద 3.09 కోట్ల పరిమితి ఉంది. గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం ఈ మొత్తాన్ని పెంచాలని పలుమార్లు సిఫారసు చేసింది. సిఫారసు నివేదికలో ఉంది, 200 రూపాయలు అక్కడే ఉన్నాయి.

మా వీధి మలుపులో ఒక ఇస్త్రీ బండి ఉంది. దాన్ని నడిపే పెద్దావిడకు అరవై ఎనిమిదేళ్లు. చదువు రాదు కాబట్టి నెలకోసారి బ్యాంకు పాస్‌బుక్‌ను పాలిథిన్ కవరులో చుట్టి తెచ్చి నా చేత చదివించుకుంటుంది. ఆసరా పింఛను 2,016 రూపాయలు పడిందా లేదా, దానిలో బ్యాంకు వాళ్లు ఏమైనా కోశారా అన్నది ఆమె ప్రశ్న. ఒకరోజు, ఎవరో ఏదో అన్నట్టున్నారు, ‘సారూ, గిండ్ల ఢిల్లీ సర్కారు ఇచ్చేదెంత, మన సర్కారు ఇచ్చేదెంత?’ అని అడిగింది. ఢిల్లీ లెక్కలో ఆమె వయసువారికి పెట్టింది 200 అని చెప్పాను. నేను తప్పు చదివానేమోనని ఆమె మరోసారి అడిగింది. రెండోసారి కూడా అదే చెప్పాక పాస్‌బుక్‌ను మళ్లీ కవరులో చుట్టుకుని, కవరు అంచు రెండుసార్లు మడిచి, బొడ్లో దోపుకుని వెళ్లిపోయింది. తెలంగాణలో రాష్ట్రం 2,016 ఇస్తోంది, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 4,000 ఇస్తున్నారు. అర్హుల లెక్కలోకి వచ్చిన వృద్ధులకు కేంద్రం భరించేది వాటిలో రెండు వందలు. పెంచడానికి డబ్బు లేదని ప్రభుత్వం చెబితే ఆ మాట సభలో నిలబడి చెప్పాలి. ఎవరూ అడగని కారణంగా ఏ మాటా చెప్పకుండానే ఏడాది తర్వాత ఏడాది అదే అంకె వేసుకుంటూ పోవడం ఆ ముసలివారికి న్యాయం కాదు.

ఖర్చు వైపు ఇలా ఉంటే, రాబడి వైపు కూడా చెప్పినదానికీ చేసినదానికీ మధ్య దూరం ఉంది. పన్నుల్లో రాష్ట్రాల వాటా 41 శాతమని పదిహేనో ఆర్థిక సంఘం నిర్ణయించింది. 2025-26 బడ్జెట్‌లో కేంద్రం వసూలు చేయబోయే మొత్తం పన్నులు 42.70 లక్షల కోట్లు, రాష్ట్రాలకు పంచబోయేది 14.22 లక్షల కోట్లు. భాగించి చూస్తే నూటికి 33 రూపాయలు వస్తాయి. ఈ తేడాలో ఎక్కువ భాగం సెస్సులు, సర్‌చార్జీలు. రాజ్యాంగం 270వ అధికరణం ప్రకారం వాటిని రాష్ట్రాలతో పంచనక్కర్లేదు. నారాయణగూడలోనో తాడేపల్లిలోనో మనం బంకులో లీటరు పెట్రోలు పోయించుకుంటే కేంద్రానికి వెళ్లే ఎక్సైజు సుంకం 21 రూపాయల 90 పైసలు. అందులో పంచుకోవలసిన లెక్కలోకి వచ్చే మూల సుంకం 1 రూపాయి 40 పైసలు మాత్రమే. తక్కినదంతా ప్రత్యేక అదనపు సుంకమనీ, రోడ్ల సెస్సనీ, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సనీ పేర్లు పెట్టుకున్న సొమ్ము. తెలంగాణ వాటా 2.102 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం అని మనం దశాంశాల దగ్గర తగువులాడుకుంటున్నాం. ఆ శాతాలు లెక్కగట్టే కుప్పే చిన్నదైపోతున్న సంగతి మీద రెండు రాష్ట్రాల సభ్యులూ ఒక్క గొంతుతో మాట్లాడితే మరింత ప్రయోజనం ఉంటుంది.

సెస్సు అంటే ఒక పని పేరు చెప్పి వసూలు చేసే పన్ను. ఆ పని జరిగిందా అని చూడటం మీ హక్కు మాత్రమే కాదు, సెస్సు పుట్టుకలోనే ఉన్న షరతు. మాధ్యమిక, ఉన్నత విద్య కోసమని విధించిన సెస్సు కింద 2006-07 నుంచి 2016-17 వరకు 83,497 కోట్లు వసూలయ్యాయని, ఆ సొమ్మును దాచి ఖర్చు పెట్టడానికి ప్రత్యేక నిధినే ఏర్పాటు చెయ్యలేదని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తేల్చింది. పదేళ్లకు పైగా ప్రతి పన్ను చెల్లింపుదారు రసీదులో ఆ సెస్సు ఉంది. ఆ పదేళ్లలో రెండు కూటముల ప్రభుత్వాలు నడిచాయి, కనుక ఇది ఒక పార్టీ మీద వేసే నింద కాదు.

ద్రవ్యలోటు, అంటే రాబడి చాలక అప్పు చేసి పూడ్చే ఖర్చు, దాని గురించి ఎక్కువ రాయను, దాని మీద రాసేవారు చాలామంది ఉన్నారు. 2020-21లో కరోనా ఏడాది జీడీపీలో 9.2 శాతానికి పెరిగిన లోటును 2025-26కు 4.4 శాతానికి తెస్తామని చెప్పడం చిన్న పని కాదు. నాకు చెప్పాలని ఉన్నది వడ్డీ సంగతి. ఈ ఏడాది అంచనాల్లో లోటు 15.69 లక్షల కోట్లు, పాత అప్పుల మీద వడ్డీ 12.76 లక్షల కోట్లు, రెవెన్యూ రాబడి 34.20 లక్షల కోట్లు. అంటే కొత్తగా చేసే అప్పులో చాలా భాగం పాత అప్పుల వడ్డీకి సరిపోతోంది; ప్రభుత్వానికి వచ్చే ప్రతి 100 రూపాయల్లో 37 వడ్డీకి పోతున్నాయి. ఈ వడ్డీని రాజ్యాంగం సంచిత నిధి మీద, అంటే ప్రభుత్వ ప్రధాన ఖజానా మీద, తప్పనిసరి భారంగా ఉంచింది. దాని మీద సభలో చర్చించవచ్చు గాని ఓటు వెయ్యడానికి వీలు లేదు. కాబట్టి ఒక అప్పు చేసే రోజున, దానితో ఏం చేస్తున్నారో అడగవలసిన రోజున మీరు మౌనంగా ఉంటే, తర్వాత దాని వడ్డీ మీద మీకు ఓటే ఉండదు. ఈ ఏడాది లోటులో 5.24 లక్షల కోట్లు, అంటే మూడో వంతు, రోడ్డూ రైలూ వెయ్యడానికి కాదు, రోజువారీ ఖర్చులకు.

అడిగితే ఏమవుతుందని మీరు అనుకోవచ్చు. ఒకటి గుర్తు చేస్తాను. ఆహార సబ్సిడీకి ఇవ్వవలసిన సొమ్మును బడ్జెట్‌లో చూపకుండా భారత ఆహార సంస్థ చేత చిన్న మొత్తాల పొదుపు నిధి నుంచి అప్పు చేయించే పద్ధతి కొన్నేళ్లు నడిచింది. కాగ్ దాన్ని తప్పుపట్టింది, నిపుణులు రాశారు, అడిగారు. చివరికి 2020-21 సవరించిన అంచనాల్లో కేంద్రం ఆ అప్పులను బడ్జెట్‌లోకే తెచ్చింది. ఆహార సబ్సిడీ 1.16 లక్షల కోట్ల నుంచి ఒక్కసారిగా 4.22 లక్షల కోట్లయింది. లోటు పెద్దదిగా కనబడుతుందని తెలిసీ ఆ పని చేసిన ప్రభుత్వాన్ని మెచ్చుకోవాలి. ఆ పని జరిగేదాకా అడుగుతూ వచ్చినవారినీ మెచ్చుకోవాలి.

ఇక మీ సభ సంగతి. పద్దుల మీద చర్చకు, ఓటుకు రాజ్యాంగం 113వ అధికరణం లోక్‌సభకు ఇచ్చిన అధికారం మరెవరికీ లేదు. రాష్ట్రపతి పేరుతో నడిచే ప్రభుత్వం కూడా మీరు చట్టం చెయ్యకుండా సంచిత నిధి నుంచి ఒక్క రూపాయి తీయలేదు. అంతటి అధికారం గిలటిన్ అనే ఒక్క మాట కింద ఏటా తెగిపోతోంది. వందకు పైగా ఉన్న పద్దుల్లో నాలుగైదు శాఖల మీద చర్చ జరిగితే ఆ ఏడాది బాగా జరిగినట్టు. గడువు రోజు సాయంత్రం తక్కినవన్నీ కలిపి ఒకే ఓటుతో ఆమోదం పొందుతాయి, గిలటిన్ అంటే అదే. 2018లోనూ, 2023లోనూ ఒక్క పద్దు మీద కూడా చర్చ జరగలేదు. 2023 మార్చి 23న దాదాపు 45 లక్షల కోట్ల ఖర్చుకు చర్చ లేకుండానే ఆమోదం లభించింది. ఆ రోజుల్లో సభ జరగకపోవడానికి అటువారు ఇటువారిని, ఇటువారు అటువారిని కారణంగా చూపారు. ఖజానాలో ఒక అయిదు వేల రూపాయల బిల్లును కూడా ముగ్గురు చూడకుండా పాస్ చెయ్యం. నేను ఇది ఎత్తిపొడవడానికి చెప్పడం లేదు. చాలా బాధతో చెబుతున్నాను.

మీకు సమయం ఉంది. ఫిబ్రవరిలో మొదటి విడత సమావేశాలు ముగిశాక మార్చి విడత మొదలయ్యేదాకా ఉండే విరామం స్థాయీ సంఘాలు పద్దులను పరిశీలించడానికే. 21 మంది లోక్‌సభ, 10 మంది రాజ్యసభ సభ్యులు ఉండే ఆ సంఘాల్లో మంత్రులు ఉండరు, కెమెరాలు ఉండవు, పార్టీ విప్ బిగింపు ఉండదు. అధికార పక్షంలో ఉన్న సభ్యులకు సభలో నోరు తెరవడం కష్టమైతే అక్కడ కష్టం కాదు. శాఖ కార్యదర్శి ఎదురుగా కూర్చుని ఉంటారు. మొదటి కాలమ్ తెరిచి, ఈ అంకె ఎందుకు తగ్గింది, ఈ 200 ఎందుకు పెరగలేదు అని అడగండి. రాజ్యసభ సభ్యులకు పద్దుల మీద ఓటు లేకపోయినా ఆ సంఘంలో మీ మాటకు లోక్‌సభ సభ్యుడి మాటతో సమానమైన విలువ ఉంది. సభలో మాట్లాడే అవకాశం వచ్చినవారు తెలుగులో మాట్లాడండి. ముందుగా చెబితే అనువాదం ఏర్పాటు చేస్తారు, ఇక్కడ ఇస్త్రీ బండి దగ్గర ఉన్న ఫోనులో అర్థమవుతుంది.

ఈ లెక్కలు మనవాళ్లకు కొత్తవి కావు. 1972లో ఏర్పడిన ఆరో ఆర్థిక సంఘానికి అధ్యక్షుడు కాసు బ్రహ్మానందరెడ్డి గారు. పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచిన పద్నాలుగో ఆర్థిక సంఘానికి అధ్యక్షుడు కడప జిల్లాకు చెందిన వై.వి. రెడ్డి గారు. ఆర్థిక సంఘాల నివేదికలు చేతికి వచ్చినప్పుడు మా కార్యాలయంలో పెద్దలు వాటిని భోజన విరామంలో పేజీలు పంచుకుని చదివేవారు. ఆ శ్రద్ధ మీ కార్యాలయాల్లోనూ ఉండాలని కోరుకుంటున్నాను. ఒక్కో సభ్యుడు ఒక్కో మంత్రిత్వ శాఖ పద్దును బాధ్యతగా తీసుకున్నా, 60 మంది చదివితే కేంద్ర ప్రభుత్వ ఖర్చులో తెలుగు కంటికి అందని శాఖ ఉండదు.

చివరిగా లోక్‌సభ సభ్యులకు ఒక ప్రత్యేక విన్నపం. ఏదైనా ఒక నిర్దిష్టమైన ఇబ్బందిని సభ దృష్టికి తేవడానికి ఆ శాఖ పద్దులో 100 రూపాయలు తగ్గించాలని కోత తీర్మానం పెట్టే సంప్రదాయం మీ నియమాల్లోనే ఉంది. అది నెగ్గదని నాకు తెలుసు, నెగ్గడం కోసం పెట్టేదీ కాదు. వచ్చే మార్చిలో గ్రామీణాభివృద్ధి శాఖ పద్దు మీద, వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా దాదాపు ఇరవై ఏళ్లుగా 200 రూపాయల దగ్గరే ఎందుకు ఆగిందన్న ఒక్క ప్రశ్నతో, మీ 42 మందిలో ఎవరైనా ఒకరు ఆ నోటీసు ఇవ్వండి. ఇచ్చాక దాని ప్రతిని మీ నియోజకవర్గ కార్యాలయం గోడ మీద అతికించండి. నేను వెళ్లి రాసుకుని వస్తాను. ఆ పెద్దావిడ ఏప్రిల్‌లో పాస్‌బుక్ తెచ్చినప్పుడు దానితో పాటు అది కూడా చదివి వినిపించాలి.

భవదీయుడు,
ఖజానా శాఖ విశ్రాంత ఉద్యోగి,
నల్లకుంట, హైదరాబాద్.